సొరచేపలు నిజంగా మనుషుల్ని తింటాయా? మా అమ్మాయి సముద్రంలో దిగనంటోంది

ప్రశ్న: నమస్కారమండీ. మేం విజయనగరంలో ఉంటాం. నా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా గార మండలంలో సముద్రం ఒడ్డునున్న పల్లె. మా నాన్న, అన్నయ్య వేట మీదే బతికారు. ఏటా వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకుని అక్కడికే వెళ్తాం. మా అమ్మాయికి పదమూడేళ్లు. నిరుటి దాకా అలల్లోంచి బయటికి రమ్మన్నా వచ్చేది కాదు. ఈ మధ్య ఫోన్లో ఒక వీడియో చూసింది. ఎక్కడో ఈజిప్టులోనట, ఒక మనిషిని సొర లాక్కుపోతుంటే ఒడ్డున జనం కేకలు పెడుతున్నారు. అప్పటి నుంచి మోకాలి లోతుకి కూడా దిగనంటోంది. అన్నయ్య పిల్లలు ‘సొరొచ్చింది, సొరొచ్చింది’ అని ఏడిపిస్తున్నారు. దానికి తోడు నెలసరి రోజుల్లో నీళ్లలో దిగితే రక్తం వాసనకి సొరలు వస్తాయని ఎవరో స్నేహితురాలు చెప్పిందట. మా నాన్నేమో ‘సొర మననేటి సేస్తాది’ అని కొట్టిపారేస్తాడు. మావారు అసలు సముద్రం జోలికే వద్దంటున్నారు. ఎవరి మాట వినమంటారు? ఇంకో సంగతి. మా వదిన బాలింత. పాలు పడతాయని అమ్మ రోజూ సొరపిట్టు పెడుతోంది. మంచిదేనా?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: చెల్లెమ్మా, మీ నాన్నగారి మాటే నిజానికి దగ్గరగా ఉంది. అలాగని మీవారి జాగ్రత్తని తీసిపారెయ్యకండి. సముద్రం దగ్గర భయపడాల్సింది ఉంది, కానీ అది సొర కాదు. దాని సంగతి కాస్త ఆగి వివరంగా చెబుతాను.

ముందు ఆ వీడియో. మీరు రాసినదాన్ని బట్టి అది 2023 జూన్‌లో ఈజిప్టులో ఎర్ర సముద్రం తీరాన హుర్ఘదా దగ్గర జరిగింది అయ్యుంటుంది. ఈతకి దిగిన ఒక రష్యా పర్యాటకుణ్ని టైగర్ షార్క్ చంపేసింది. అది కల్పితం కాదు. కాబట్టి పాపతో ‘అదంతా గ్రాఫిక్స్, ఉత్తిదే’ అనకండి. తను వెతుక్కుంటుంది, నిజమని తెలుస్తుంది, ఆ తరవాత మీరేం చెప్పినా నమ్మదు. జరిగిందని ఒప్పుకోండి. ఒప్పుకున్నాక, అలాంటివి ప్రపంచం మొత్తం మీద ఏడాదికి ఎన్ని జరుగుతాయో కూడా చెప్పండి.

ఆ లెక్క ఉంది. అమెరికాలో ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వాళ్లు ప్రపంచంలో ఎక్కడ సొర మనిషిని కరిచినా విచారించి నమోదు చేస్తారు. మనిషి దాన్ని పట్టుకోకుండా, మేత వెయ్యకుండా, కెలక్కుండా అదే వచ్చి కరిచిన ఘటనలు 2023లో 69, 2024లో 47. వాటిలో ప్రాణాలు పోయినవి 2023లో 10, 2024లో 4. కోట్ల మంది సముద్ర స్నానాలు చేసే భూమ్మీద, ఏడాది పొడుగునా కలిపితే ఇంతే. అందులోనూ ఎక్కువ భాగం అమెరికా, ఆస్ట్రేలియా తీరాల్లోనే. మన దేశంలో ఒక్క పాముకాటుకే ఏటా సగటున 58 వేల మంది పోతున్నారని అంచనా. మీ పాప పుట్టింటి పెరట్లో చీకట్లో చెప్పుల్లేకుండా తిరుగుతుంటే మీరు సముద్రం కన్నా దానికే ఎక్కువ కంగారు పడాలి.

సొరల్లో 500కి పైగా రకాలున్నాయి. మనుషుల ప్రాణాలు తీసిన ఘటనల్లో మళ్లీ మళ్లీ వినబడే పేర్లు ముఖ్యంగా మూడు: గ్రేట్ వైట్, టైగర్, బుల్. సినిమాల్లో కనిపించే గ్రేట్ వైట్ చల్లటి నీళ్ల చేప. దక్షిణాఫ్రికా, దక్షిణ ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా తీరాల్లో సీల్ జంతువుల్ని తిని బతుకుతుంది. మన ఒడ్డున సీల్స్ లేవు, దానికి ఇక్కడ పనీ లేదు. టైగర్, బుల్ రకాలు బంగాళాఖాతంలో ఉన్నాయి. ఉన్నాయి కదా అని ఒడ్డున మనిషి కోసం కాపు కాస్తాయనుకోకండి. మనిషి వాటి మేత కాదు. సొరకి చేతుల్లేవు. ఎదురుపడింది ఏమిటో తెలుసుకోవాలంటే నోటితోనే పట్టి చూడాలి. ఫ్లోరిడా ఒడ్డున జరిగే కాట్లలో చాలావరకు ఇలాంటివే. బురద నీళ్లలో చిన్న చేపల గుంపుని తరుముకుంటూ వచ్చిన మూరెడు, బారెడు సొర మెరిసిన అరికాలునో చేతినో అందుకుని, పొరపాటని తెలిసి వదిలేసి వెళ్లిపోతుంది. గాయమవుతుంది, కుట్లు పడతాయి, ప్రాణం పోదు. పెద్ద సొర అయితే ఒక్క పట్టుకే రక్తం పోయి చనిపోవచ్చు. అందుకే ఆ కొద్ది మరణాలు.

మన దేశంలో అసలు జరగదా అంటే, జరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో, సముద్రం దగ్గర కూడా కాదు, వైతరణ నది పాయలో ఒక యువకుడి కాలిని సొర తీవ్రంగా కరిచింది. బుల్ షార్క్ ఉప్పు నీళ్లలోనూ మంచి నీళ్లలోనూ బతకగలదు, నదుల్లోకి ఎదురెక్కుతుంది. ఇది చదివి మీరు ఉలిక్కిపడనక్కర్లేదు గానీ, ఒక జాగ్రత్త మాత్రం దీంట్లోంచి తీసుకోండి. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, మీ విజయనగరం వైపు కోనాడ దగ్గర చంపావతి కలిసేచోట నీళ్లు మసకగా ఉంటాయి, చేపలు ఎక్కువ, కింద ఏముందో కనబడదు. అక్కడ చీకటి పడే వేళా తెల్లవారుజామునా ఈతలు వద్దు. చేపలు కోసి పేగులు, తలలు నీళ్లలో పారేసేచోట పిల్లల్ని దింపొద్దు. వల లాగుతున్నప్పుడు దాని చుట్టూ ఆడనివ్వొద్దు. సొర విషయంలో మన తీరాన ఇంతకన్నా చెయ్యాల్సిందేం లేదు.

నెలసరి సంగతి. పాప మీతో ఆ మాట చెప్పగలిగిందంటే మీ పెంపకం బాగుంది. సొర ముక్కు చాలా చురుకైనదే, కానీ మైళ్ల దూరం నుంచి ఒక్క రక్తపు చుక్క పసిగట్టి వస్తుందనేది కట్టుకథ. వాసన నీటి పాయ వెంట రావాలి కదా. నెలసరిలో ఉన్న ఆడవాళ్లని సొరలు ఎక్కువగా కరుస్తాయనడానికి ఇన్నేళ్ల నమోదుల్లో ఎక్కడా ఆధారం లేదు. ప్రపంచమంతటా ఆడవాళ్లు ఆ రోజుల్లోనూ సముద్రంలో ఈదుతున్నారు, డైవింగ్ చేస్తున్నారు. తనకి సౌకర్యంగా ఉంటే దిగొచ్చు, లేకపోతే మానొచ్చు. అది ఒంటికి సంబంధించిన విషయం, సొరకి సంబంధించింది కాదు.

ఇప్పుడు మీవారి భయం దగ్గరికి వద్దాం. 2022లో మన దేశంలో నీట మునిగి పోయినవాళ్లు 38 వేల పైచిలుకు అని ప్రభుత్వ లెక్క. వాళ్లలో ఎక్కువమంది చెరువులు, బావులు, కాలవలు, నదుల్లో పోయారు, నిజమే. కానీ మన తీరాన సెలవుల్లో, కార్తీక స్నానాల్లో, పిక్నిక్కుల్లో ఒక్కొక్క కుటుంబం నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు పోయిన వార్తలు చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. వాళ్లలో చాలామందికి ఈత వచ్చు. ఒకణ్ని కాపాడబోయి ఇంకొకడు పోతాడు.

చేసేది నీరే. అలలు ఒడ్డుకి తెచ్చి పడేసిన నీళ్లు మళ్లీ లోపలికి పోవాలి. ఒడ్డు పొడుగునా సమంగా పోవు, ఇసక మేట తెగినచోట ఒక ఇరుకు పాయగా కూడుకుని వేగంగా వెనక్కి లాగుతాయి. చూడ్డానికి అక్కడే సముద్రం నెమ్మదిగా ఉన్నట్టుంటుంది. అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతుంటాయి, మధ్యలో కొంత మేర మాత్రం అలలు విరగవు. రంగు కాస్త ముదురుగానో ఇసక కలిసి మట్టి రంగులోనో ఉంటుంది, నురగ లోపలికి కదులుతుంటుంది. తెలియనివాళ్లు ‘ఇక్కడ అలలు తక్కువ, పిల్లల్ని ఇక్కడ దింపుదాం’ అనుకుంటారు. సరిగ్గా అక్కడే దింపకూడదు. ఆ చోటు నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు. అందుకని పల్లెకి వెళ్లాక ప్రతిసారీ నీళ్లలో అడుగు పెట్టే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. మీ నాన్నగారిని అడగండి, ఆయన ఒక్క చూపులో చెబుతారు. వేటకెళ్లినవాళ్లకి ఏ చోట తెప్ప దించాలో, ఎక్కడ లాగుడు ఉందో ఎవరూ నేర్పక్కర్లేదు.

లాగేస్తే ఏం చెయ్యాలో పాపకి, మీ అన్నయ్య పిల్లలకి కూడా ఇప్పుడే నోటికి వచ్చేలా చెప్పండి. ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఎంత గజ ఈతగాడైనా ఆ పాయకి ఎదురీదితే కాసేపట్లోనే అలిసిపోతాడు. పాయ ఇరుకుగా ఉంటుంది కాబట్టి ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈదాలి. పక్కకి వచ్చాక అలలే ఒడ్డుకి తోస్తాయి. ఈదే ఓపిక లేకపోతే వెల్లకిలా తేలి చెయ్యి ఎత్తి పిలవాలి. పాయ లోపలికి లాక్కుపోతుంది గానీ అడుక్కి లాగదు. ఒడ్డునున్నవాళ్లు వెంటనే దూకకూడదు. తాడు, ఖాళీ ప్లాస్టిక్ క్యాన్, వల తేల్చే బెండు, చేతికి ఏది దొరికితే అది విసరాలి. బయటికి తీశాక తలకిందులుగా ఎత్తి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. దానివల్ల టైమ్ పోతుంది, కక్కిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి నోటితో ఊపిరి ఊదుతూ, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి, 108 వచ్చేదాకా ఆపకూడదు. మీ అన్నయ్య పిల్లల్లో పెద్దవాడు ఎవడైనా ఉంటే వాడికి ఇది నేర్పించండి. చెల్లెల్ని ఏడిపించే బదులు ఈ పనికి పనికొస్తాడు.

హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. పెద్ద అలలు వచ్చే రోజుల్ని ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక ఉన్న రోజున, అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పాట్లు జోరుగా ఉండే రోజుల్లో నది కలిసేచోట స్నానాలు పూర్తిగా మానెయ్యండి. పాటు సమయంలో నది నీళ్లూ సముద్రం నీళ్లూ కలిసి లోపలికే లాగుతాయి.

సొర కన్నా మన ఒడ్డున కాలికి తగిలే అవకాశం ఉన్నది టేకు చేప (స్టింగ్ రే). ఇసకలో కప్పుకుని పడుకుంటుంది. దాని మీద అడుగు వేస్తే తోక ముల్లు దించుతుంది. నొప్పి భరించలేం. పాదాలు ఈడ్చుకుంటూ నడిస్తే అలికిడికి అదే తప్పుకుంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో గంటసేపు పాదం ఉంచితే నొప్పి దిగుతుంది. ముల్లు లోపల విరిగితే మీరు లాగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సొరల వల్ల మన మత్స్యకారులకి ప్రమాదం లేదా అంటే ఉంది. నీళ్లలో కాదు, పడవలో. వలలోనో గాలానికో పడి, పైకి లాగాక కొట్టుకునే సొర చేతిని పట్టేస్తుంది, తోకతో కొట్టి పడేస్తుంది. రేవులో ఒక పెద్దాయన కుర్రాడితో అన్న మాట విన్నాను: ‘సచ్చిపోనాదనుకుని నోటికాడ సెయ్యెట్టకు బావూ, సొర సచ్చినా దవడ సావదు.’ ఇలాంటి కాట్లని లెక్కల్లో వేరుగా రాస్తారు. ఆ లెక్కలో తప్పు సొరది కాదు.

అటు వైపు లెక్క చూస్తే మనసు ఊరుకోదు. మనుషులు ఏటా చంపుతున్న సొరలు ఎనిమిది నుంచి పది కోట్లు ఉంటాయని పరిశోధకుల అంచనా. నడిసముద్రంలో తిరిగే సొరలు, టేకులు 1970 తరవాత అర్ధశతాబ్దంలో 71 శాతం తగ్గిపోయాయి. ఇవి మిగతా చేపల్లా లక్షల గుడ్లు పెట్టవు. ఎదగడానికి ఏళ్లు పడుతుంది. టైగర్ షార్క్ ఏడాదికి పైగా కడుపుతో ఉంటుంది. పట్టినంత వేగంగా పుట్టవు. పెద్ద సొరలు పోతే వాటి కింది చేపల లెక్క తప్పుతుంది, చివరికి అది మీ అన్నయ్య వలకే తెలుస్తుంది.

వీటిలో అన్నిటికన్నా పెద్దది తిమింగలం సొర. పన్నెండు మీటర్లు దాటి పెరుగుతుంది, మచ్చలతో ఉంటుంది, చూస్తే గుండె ఆగుతుంది. అది తినేది నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని, చిన్న చేపల్ని. మనిషిని మింగే గొంతు దానికి లేదు. 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, చంపితే జైలే. 2021 డిసెంబర్లో విశాఖ దగ్గర తంతడి ఒడ్డున ఇలాంటిదే చిక్కుకుంటే అటవీ శాఖవాళ్లూ మత్స్యకారులూ కలిసి మళ్లీ సముద్రంలోకి పంపేశారు. మన శ్రీకాకుళం జిల్లా నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కి వేటకి వెళ్లేవాళ్లు ఎంతోమంది. అక్కడ ఒకప్పుడు కాలేయం నూనె కోసం దీన్ని బల్లేలతో పొడిచి చంపేవారు. 2004లో మొదలైన ప్రచారం తరవాత అక్కడి జాలర్లే తమ వలలు కోసి వందల కొద్దీ తిమింగలం సొరల్ని వదిలేశారు, తెగిన వలకి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. మీ పల్లె నుంచి వేరావల్ వెళ్లివచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే పాప దగ్గర కూర్చోబెట్టి ఆ సంగతులు చెప్పించండి. ఆ వీడియో పక్కన నిలబడగలిగేది ఇలాంటి కళ్లారా చూసినవాళ్ల మాటే.

పాప భయం ఎలా పోగొట్టాలి అంటారా. ముందు ఆ ఏడిపించడం ఆపించండి, గట్టిగా. తరవాత తాతగారితో రేవుకి పంపండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్లకి వేట నిషేధం కాబట్టి వేసవిలో రేవు పల్చగా ఉంటుంది, అయినా తెప్పల మీద చేప వస్తుంది. పాల సొర ఒకటి దొరక్కపోదు. అది చిన్న రకం సొర. చేత్తో పట్టుకోనివ్వండి. తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా జారుతుంది, తోక నుంచి తల వైపు నిమిరితే చెయ్యి గీరుకుంటుంది. ఎందుకంటే దాని పొలుసులు వెనక్కి వాలిన బుల్లి పళ్ల లాంటివి. మెడ పక్కన అయిదు చీలికలు లెక్కపెట్టమనండి, అవి మొప్పలు. మూతి కింద సూదిమొనంత రంధ్రాలు కనబడతాయి. వాటితోనే సొర ఇసకలో దాక్కున్న చేప కండరాల్లోని చిరు విద్యుత్తుని పసిగడుతుంది. ఆడ సొర అయితే పొట్ట కోసినప్పుడు లోపల పిల్లలు కూడా కనబడొచ్చు, ఎందుకంటే పాల సొర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. పదమూడేళ్ల పిల్లకి ఇంత దగ్గరగా చూపిస్తే భయం కొంతైనా కుతూహలంగా మారుతుంది. ఆ వెంటనే నీళ్లలోకి లాక్కెళ్లకండి. మొదట చీలమండ లోతు, తనకై తను అడిగితే మోకాలి లోతు, పెద్దవాళ్లు చెయ్యి చాస్తే అందేంత దూరంలో. అంతకన్నా లోతు ఈ ఏడాది అక్కర్లేదు. విజయనగరంలో ఈత కొలను ఏదైనా దగ్గర్లో ఉంటే సెలవులకి ముందే ఈత నేర్పించండి. ఇది మీవారికి కూడా నచ్చే మాటే.

ఇక మీ వదిన పిట్టు. సొర తింటే పాలు పడతాయని మన తీరమంతా నమ్ముతుంది. దానికి శాస్త్రీయమైన రుజువు లేదు, కానీ బాలింతకి మంచి మాంసకృత్తులు అందుతాయి, అది మేలే. పాలు పెరగడానికి అసలు మందు బిడ్డ అడిగినప్పుడల్లా పట్టడం. ఇబ్బందల్లా పెద్ద సొరతోనే. అది ఏళ్ల తరబడి ఇతర చేపల్ని తిని బతుకుతుంది, వాటిలోని పాదరసమంతా దాని కండలో పేరుకుంటుంది. ఆ పాదరసం తల్లి పాల ద్వారా బిడ్డకి చేరితే మెదడు ఎదుగుదలకి మంచిది కాదు. అందుకే చాలా దేశాల్లో గర్భిణుల్నీ బాలింతల్నీ సొర మాంసం తినొద్దంటారు. అమ్మగారి మనసు నొప్పించకుండా ఇలా చెప్పండి: పెద్ద సొర ముక్కలు అసలు కొనొద్దు, చిన్న పాల సొర ఎప్పుడో ఒకసారి, అదీ తాజాగా ఉన్నప్పుడే. సొర కండలో యూరియా ఎక్కువ, నిలవుంటే అమోనియా ఘాటు కొడుతుంది. ఆ వాసన వస్తే పారెయ్యడమే. మిగతా రోజుల్లో నెత్తళ్లు, కానాగడతలు లాంటి చిన్న చేపల్ని పసుపు, అల్లం, వెల్లుల్లి వేసి వండి పెడితే వదినకీ బిడ్డకీ మంచిది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. ఆవిడకి ఇప్పటిదాకా పెట్టినదాని గురించి కంగారు పడొద్దు. ఏ సైజు సొర, ఎన్ని రోజులు పెట్టారో బిడ్డని చూసే డాక్టరుకి ఈసారి వెళ్లినప్పుడు చెప్పండి.